‘అటిల్లా’ – బిల్లీ జోయెల్ తొలినాటి ఘోషరచన : ఒక పరిశీలనము

ఉపోద్ఘాతము

మహాకవుల తొలిరచనలను గూర్చి తెలుగు సాహిత్య చరిత్రకారులు చిరకాలముగా చర్చించుచున్నారు. చిన్ననాట మరుత్తరాట్చరిత్రమును రచించితినని శ్రీనాథుడు కాశీఖండమున చెప్పుకొనెను. ఆ కావ్యము నేడు లభ్యము కాదు. అది యెట్లుండెనో, శృంగారనైషధకర్త జాడలు అందెంతవఱకు కలవో ఊహించుటయే కాని చూచి తెలిసికొను వీలు లేదు. పోతన పేర చెల్లుచున్న భోగినీదండకము లభ్యమే. కాని భాగవతమును వ్రాసిన చేయియే దానిని వ్రాసెనా యను సందేహము పండితులను విడువలేదు. ఒకరి తొలిపలుకును కాలము దాచినది. మఱియొకరి తొలిపలుకును సందేహమున నిలిపినది.

గ్రామఫోను వచ్చిన పిమ్మట గాయకులకు ఈ రెండు మఱుగులును లేకపోయినవి. ఇరువదియొకటవ యేట పాడినది అఱువదవ యేట పాడినదాని ప్రక్కనే, అదే పేరుతో నిలిచియుండును. కర్త వలదన్నను అది పోదు. అట్లు నిలిచిపోయిన రికార్డులలో 1970 జూలైలో అమెరికాలో ఎపిక్ సంస్థ వెలువరించిన ‘అటిల్లా’ యొకటి. దానిని వాయించి పాడినవాడు బిల్లీ జోయెల్. ‘పియానో మాన్’ అను పాటతో లోకమున పేరు వడసిన ఈ గాయకుడు అంతకు మూడేండ్లు ముందు హెవీ రాక్ అనబడు ఘోషప్రధాన సంగీతమును చేపట్టి, ఒక్క ఆల్బముతో దానిని విడిచిపెట్టెనని ఆతని అభిమానులలోనే పలువురెఱుగరు.

ఈ ఆల్బమును గూర్చి రెండు తీర్పులు వ్యాప్తిలో కలవు. కర్తయే దానిని పనికిమాలినదని పలుమాఱులు కొట్టివేసెను. అమెరికాలోని సుప్రసిద్ధమైన ఒక సంగీత సమీక్షాకోశము రాక్ చరిత్రలో ఇంతకు మించిన అధమరచన లేదని వ్రాసెను. మొదటిది పశ్చాత్తాపము, రెండవది పరిహాసము. రెండును సంపూర్ణముగా అసత్యములు కావు. కాని రెండింటిలోను, ఆ రచన యెందులకు విఫలమయ్యెనను ప్రశ్నకు సమాధానము లేదు. ఆ కారణమును వాద్యముల స్వభావము నుండి వెదకుటయు, ఆ వైఫల్యము నుండి కర్త తరువాతి కృషికి సంక్రమించినదేమో గుర్తించుటయు ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కర్తయు, కాలమును

బిల్లీ జోయెల్ 1949 మే 9వ తేదీన న్యూయార్కు నగరమున బ్రాంక్స్ ప్రాంతమున జన్మించెను. లాంగ్ ఐలెండులోని హిక్స్‌విల్ అను ఊరిలో పెరిగెను. తండ్రి జర్మనీ నుండి వలస వచ్చిన యూదుల కుటుంబమువాడు; శాస్త్రీయ పద్ధతిలో పియానో వాయించువాడు. బాలుడు నాలుగేండ్ల ప్రాయముననే పియానో ముందు కూర్చుండెను. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికా టెలివిజనులో పాడగా చూచి, తన మార్గము సంగీతమేయని నిశ్చయించుకొనెను. యౌవనమున హాసిల్స్ అను బృందమున చేరి, దానితో రెండు ఆల్బములు వెలువరించెను. ఆ బృందమున డ్రమ్ములు వాయించువాడు జాన్ స్మాల్. 1969లో వీరిరువురును వేఱుపడి ‘అటిల్లా’ యను పేర ఇద్దరి బృందమును స్థాపించిరి. అయిదవ శతాబ్దమున రోము సామ్రాజ్యమును గడగడలాడించిన హూణరాజు పేరది. ఆ పేరుతోనే వారి సంకల్పము తెలియుచున్నది.

ఆనాటి గాలి యట్టిది. 1967 నాటికి జిమీ హెండ్రిక్స్, క్రీమ్ బృందము గిటారు ధ్వనిని మునుపెన్నడును లేనంత తీవ్రస్థాయికి కొనిపోయిరి. 1969లో లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బము వెలువడెను. లాంగ్ ఐలెండులోనే పుట్టిన వనిల్లా ఫడ్జ్ అను బృందము 1967లో ఆర్గన్ ముందుంచి, తెలిసిన పాటలను నెమ్మదింపజేసి, బరువెక్కించి పాడి పేరు పొందెను. ఇరువదేండ్ల పియానో విద్వాంసునకు ఇది గొప్ప ఆశ. గిటారు రాజ్యమేలుచున్న సభలో కీబోర్డు వాయించువాడు ప్రక్కకు నిలువనక్కఱ లేదనియు, అతడే ముందు నిలువవచ్చుననియు వనిల్లా ఫడ్జ్ చూపెను. జోయెల్, స్మాల్ మఱియొక అడుగు వేసిరి. గిటారునే తొలగించిరి.

ఇద్దరు మనుష్యులు, ఒక యంత్రము

ఇద్దరు వాద్యకులు సభనంతయు నింపుట తెలుగువారికి క్రొత్త కాదు. పద్యనాటక రంగమున ఒక హార్మోనియము, ఒక తబలా తెల్లవారువఱకు నాటకమును మోసికొనిపోవుట మన పల్లెలు చూచినదే. కాని ఆ యిద్దరును నటుని గొంతును నిలబెట్టుటకే యుందురు. పద్యము సాగుచుండగా హార్మోనియము వెనుకకు తగ్గును. రాగము తీయునపుడు అనుసరించును. పద్యము ముగిసిన పిదప మాత్రమే తన చేతి వేగమును చూపును. ‘అటిల్లా’ యందు పాడువాడును, వాయించువాడును ఒక్కడే. వెనుకకు తగ్గుమని వానికి చెప్పువారు లేకపోయిరి.

వారెన్నుకొన్న వాద్యము హామండ్ ఆర్గన్. లారెన్స్ హామండ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు దీనిని నిర్మింపగా 1935లో అది విపణికి వచ్చెను. పెద్ద గొట్టముల ఆర్గనును కొనలేని చర్చీల కొఱకు ఇది ఉపయుక్తమయ్యెను. ఇందు అంచులు మిట్టపల్లములుగా చెక్కిన లోహచక్రములు అయస్కాంతముల యెదుట తిరుగుచుండ విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తే స్వరమగును. రెండు వరుసల మెట్లు చేతులకు, క్రింద ఒక వరుస పాదములకు ఉండును. తరువాత జాజ్ వాద్యకులు దీనిని చర్చి నుండి నాట్యశాలకు తెచ్చిరి. జోయెల్, స్మాల్ దీనిని శక్తిమంతములైన ఆంప్లిఫైయర్లకు కలిపి, స్వరము పగిలి గర్జించునట్లు చేసిరి. మంద్రభాగమును సయితము జోయెల్ కీబోర్డు మీదనే పలికించెను. ఆ గర్జనకు తాళలేక వినువారు వెడలిపోవుచుండిరని ఆతడే తరువాత నవ్వుచు చెప్పుకొనెను.

ఆల్బము ముఖచిత్రము గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మాంసము నిలువచేయు శీతలగృహము. కొక్కెములకు వ్రేలాడు పశుకళేబరములు. వాని నడుమ హూణవీరుల కవచములు తొడిగిన ఇద్దరు యువకులు. దీనిని చూచి నవ్వనివారు లేరు. అయినను ఈ చిత్రము లోపలి సంగీతమును గూర్చి నిజమే చెప్పుచున్నది. తమ శరీరములకు కుట్టని దుస్తులను వారు ధరించిరి. మొలనూలును మెడలో వేసికొన్నవాడు నవ్వులపాలగునని క్షేమేంద్రుడు ఔచిత్యమును వివరించుచు చెప్పెను. నగ మంచిదే, ధరించిన చోటు తగనిది. హెవీ రాక్ స్వయముగా దుష్టము కాదు. ఈ చేతికి, ఈ గొంతుకు అది తగినదా యనునదే ప్రశ్న.

వైఫల్యమునకు కారణములు

మొదటి కారణము వ్రేలి స్పర్శకు సంబంధించినది. పియానో మెట్టును మెల్లగా నొక్కిన మెల్లగా పలుకును. గట్టిగా కొట్టిన గట్టిగా పలుకును. విద్వాంసుని మనస్సు వ్రేలి బరువు ద్వారా తీగకు చేరును. హామండ్ ఆర్గనులో అట్లు కాదు. మెట్టును మీటినను, గ్రుద్దినను స్వరము ఒక్క స్థాయిలోనే వచ్చును. హెచ్చుతగ్గులు పాదముతో నొక్కు పెడలు వశమున నుండును. మన హార్మోనియము మెట్లును ఇట్టివే. కాని అందు తిత్తిని ఊదు చేయి ఊపిరి వలె పనిచేసి కొంత భావమును రక్షించును. నాలుగేండ్ల నాటి నుండి వ్రేలి బరువుతో మాటాడ నేర్చినవానికి, వ్రేలి బరువును లెక్కచేయని యంత్రము ముందు కూర్చొనుట తన భాష తెలియని దేశమున ఉపన్యసించుట వంటిది. ‘అటిల్లా’ యందు వేగమునకు లోటు లేదు; చేతినేర్పునకు అంతకన్న లోటు లేదు. లేనిది స్పర్శ.

రెండవది స్వరములు నిలుచు కాలము. పియానో స్వరము కొట్టిన క్షణమునుండి క్షీణించును. ఆ క్షీణించు చోటనే గాయకుని మాటకు తావు దొరకును. ఆర్గన్ స్వరము మెట్టును విడుచువఱకు తఱుగదు. దానికి ఆంప్లిఫైయరు గర్జన చేరినపుడు మాటకు సూది మోపునంత సందును ఉండదు. కనుకనే మొదటి పాటయైన ‘వండర్ వుమన్’ నుండియు గాయకుడు అఱవవలసి వచ్చెను. తరువాతి కాలమున జోయెల్ కీర్తికి మూలమైనది ఆతడు మాటను పలుకు తీరు. అది ఇందు ఆతని చేతుల క్రిందనే నలిగిపోయినది.

మూడవది స్వరసమ్మేళనమునకు సంబంధించినది. దీనిని సాధారణ సమీక్షకులు గుర్తించినట్లు కానరాదు. ధ్వనిని పగులునట్లు హెచ్చించినపుడు ఒక్కొక్క స్వరమునకు అనుస్వరములు అనేకములు పుట్టును. రెండు స్వరములు కలిసిన చోట వాని నడుమ మఱికొన్ని పుట్టును. షడ్జ పంచమములు మాత్రమే కలిసినపుడు ఆ పుట్టినవియు శ్రుతిలోనే యుండును. తంబురా వినినవారికి ఈ రెంటి మైత్రి వేఱుగ చెప్పనక్కఱ లేదు. వానికి గాంధారమును, నిషాదమును చేర్చి గర్జింపజేసినపుడు ధ్వని కలగి బురదయగును. అందుచేతనే హెవీ రాక్ గిటారు విద్వాంసులు షడ్జ పంచమములతోనే తమ బలమైన పట్టులను కట్టుకొనిరి. జోయెల్ పెరిగినది బేతోవెన్ మొదలగువారి సంగీతమున, బీటిల్స్ పాటలలో. ఆతని చేతి సహజగతి నిండైన సమ్మేళనములకు, మెలికలు తిరుగు మార్పులకు పోవును. ఆ సంపదయే ఇందు ఆతనికి శత్రువైనది. ఎంత నిండుగా వాయించిన అంత అస్పష్టమయ్యెను.

ఈ మాట నిరూపించుటకు అదే సంవత్సరమున వెలువడిన మఱియొక రచన కలదు. ఇంగ్లండుకు చెందిన డీప్ పర్పుల్ బృందము ‘ఇన్ రాక్’ అను ఆల్బమును 1970 జూన్‌లో ప్రకటించెను. అందును హామండ్ ఆర్గనే. అదియు గర్జించు ఆంప్లిఫైయర్ల నుండియే. దానిని వాయించిన జాన్ లార్డ్ కూడ శాస్త్రీయ శిక్షణ పొందినవాడే. అయినను ఆ ఆల్బము హెవీ రాక్ ప్రమాణగ్రంథములలో ఒకటిగా నిలిచెను. భేదమెచట? అచట అయిదుగురు కలరు. మంద్రభాగమును మోయుటకు వేఱొకడు, గిటారుతో వాదించుటకు వేఱొకడు, పాడుటకు వేఱొకడు. ‘చైల్డ్ ఇన్ టైమ్’ అను పాట ఆర్గను యొక్క మెత్తని పలుకుతో మొదలై క్రమముగా ఉప్పెనయగును. మౌనము ముందుండుటచేత ఘోషకు అర్థము కలిగినది. ‘అటిల్లా’ యందు మౌనమే లేదు. వాదమునకు ప్రతివాది లేడు. కనుక వాద్యము తప్పు కాదు, శైలి తప్పు కాదు. ఒక్క మనిషి నాలుగు పాత్రలను ఒకేసారి ధరించుట తప్పు.

నిలిచినదేమి?

ఇంత చెప్పిన పిదప ఆల్బము నిస్సారమని తేల్చుట సులభము. అది న్యాయము కాదు. ఎనిమిది రచనలలో ఉత్తరార్ధమునందలి ‘రోలిన్ హోమ్’, ‘టియర్ దిస్ కాసిల్ డౌన్’ అనువానిని ఘోషను కొంత మఱచి వినవలెను. ఆ గర్జన వెనుక నోట నిలువగల బాణీ యొకటి దారి వెదకుకొనుచుండుట శ్రద్ధగా విన్నవారికి తెలియును. బాణీని కట్టగల మనిషి లోపల నున్నాడనుటకు అది సాక్ష్యము.

పూర్వార్ధము చివరనున్న ‘ఆంప్లిఫైయర్ ఫైర్’ మఱింత ముఖ్యము. ఇది మాటలు లేని రచన, ఏడు నిమిషములకు పైబడినది, రెండు భాగములు. మొదటి భాగమునకు జపాను చలనచిత్రములలోని గాడ్జిల్లా యను రాక్షసి పేరు, రెండవదానికి హూణుల దండయాత్ర పేరు పెట్టిరి. పేర్లు పిల్లచేష్టలే. కాని మాటలు లేనందున పైన చెప్పిన రెండవ దోషము దీనికి అంటదు. డ్రమ్ములును ఆర్గనును ఇందు మాత్రమే ఒండొంటిని తఱుముచు, అందుకొనుచు, నిజమైన జోడుగా వినవచ్చును. స్మాల్ చేతిపనికి ఈ ఆల్బమున తగిన చోటు దొరకినది ఇచటనే.

ఏడేండ్ల తరువాత, 1977లో ‘ది స్ట్రేంజర్’ అను ఆల్బమున జోయెల్ ‘సీన్స్ ఫ్రమ్ ఆన్ ఇటాలియన్ రెస్టారెంట్’ అను పాటను వెలువరించెను. అదియు ఏడు నిమిషములకు పైబడినదే. అదియు భాగములుగా కూర్చినదే. నెమ్మదిగా మొదలై, వేగమందుకొని, మరల నెమ్మదించును. పొడవైన రచనను ఖండములుగా నిలబెట్టవలెనను కోరిక రెండింటికిని సమానము. కాని ఇందు గాడ్జిల్లా లేదు, హూణులు లేరు. భోజనశాలలో కూర్చున్న ఇద్దరు పాతమిత్రులు, వారి మాటలలో వచ్చు బ్రెండా, ఎడ్డీ యను దంపతులు కలరు. వారి పెండ్లి, వారి ఇంటి సామాను, వారి విడాకులు కలవు. నిర్మాణము ఒక్కటే; దానిలోనికి మనుష్యులు వచ్చిరి.

వ్రేళ్ళ బలమునకును అట్లే చోటు దొరకినది. 1976 నాటి ‘టర్న్‌స్టైల్స్’ ఆల్బమున ‘ప్రెల్యూడ్ – యాంగ్రీ యంగ్ మాన్’ అను రచన కలదు. దాని ఆరంభమున ఆతడు పియానో మీద ఒకే స్వరమును రెండు చేతులతో మార్చి మార్చి అతివేగముగా కొట్టును. ‘వైప్ ఔట్’ అను పాటలోని డ్రమ్ముల నడకను పియానో మీద అనుకరింప ప్రయత్నించితినని ఆతడు చెప్పెను. తాళవాద్యమును కీబోర్డులో ఇముడ్చవలెనను తపన ‘అటిల్లా’ నాటిదే. కాని ఇచట వ్రేలి బరువును గ్రహించు వాద్యము దొరకినది గనుక, కోపము కోపముగానే వినబడును, మోతగా మాఱదు. 1970లో డ్రమ్ములను ప్రక్కన పెట్టుకొని చేయలేనిదానిని ఆఱేండ్లకు పది వ్రేళ్ళతో చేసెను.

కర్తయు ఈ సంగతి నెఱుగనివాడు కాదేమో. 2005లో ‘మై లైవ్స్’ అను పేర ఆతని తొలినాటి, అముద్రిత రచనల సంకలనము వెలువడినపుడు, వెలివేసిన ‘అటిల్లా’ నుండి ‘ఆంప్లిఫైయర్ ఫైర్’కు చోటు లభించెను. మాటలు లేని ఈ రచనకే ఆ చోటు దక్కుట గమనింపదగినది.

జీవితవృత్తమును గూర్చి

ఈ ఆల్బమును గూర్చి వ్రాయువారు సాధారణముగా సంగీతము కన్న జీవితకథనే విస్తరింతురు. స్మాల్ భార్యయైన ఎలిజబెత్ వెబర్‌కును జోయెల్‌కును కలిగిన అనురాగముచేత స్నేహము చెడి, బృందము 1970లోనే విచ్ఛిన్నమయ్యెను. ఆ అపరాధభారముతో జోయెల్ ప్రాణము మీదికి తెచ్చుకొనగా, ఆతనిని ఆసుపత్రికి చేర్చి కాపాడినది స్మాల్. ఎలిజబెత్ 1973లో జోయెల్‌ను వివాహమాడి, కొన్నేండ్లు ఆతని వ్యవహారకర్తగా కూడ ఉండెను. వారి వివాహము 1982లో ముగిసెను. స్మాల్ దృశ్యచిత్ర దర్శకుడై జోయెల్ పాటలకు చిత్రములు తీసెను. 2025లో వెలువడిన జోయెల్ జీవితచిత్రమున ఈ సంగతులను ముగ్గురును దాపఱికము లేక చెప్పిరి.

ఈ కథ హృదయమును కదలించునదే. కాని దీనిచేత ఆల్బము మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. ఒక్క విషయమున మాత్రము విమర్శకునకు ఇది ఉపకరించును. కర్త తన రచనను ద్వేషించునపుడు, ద్వేషించుచున్నది రచననో, ఆనాటి తన్నో తెలియదు. ‘అటిల్లా’ పేరు వినినపుడు జోయెల్‌కు ఆర్గన్ మోత మాత్రమే జ్ఞప్తికి వచ్చునని తలపరాదు. కావున కర్త తీర్పును గౌరవముతో వినవలెను; తుదితీర్పుగా గైకొనరాదు.

ముగింపు

‘అటిల్లా’ తరువాత జోయెల్ పియానో ముందుకు మరలెను. 1971లో ‘కోల్డ్ స్ప్రింగ్ హార్బర్’ వెలువడెను. దానిని అచ్చువేయునపుడు వేగము తప్పుటచేత ఆతని గొంతు సహజశ్రుతి కన్న హెచ్చుగా వినబడెను. 1983లో గాని ఆ దోషము సవరింపబడలేదు. 1972లో లాస్ ఏంజిల్స్ నగరమున మాఱుపేరుతో ఒక మద్యశాలలో పియానో వాయించెను. అచటికి వచ్చిన మనుష్యులే 1973లో ‘పియానో మాన్’ పాటలో పాత్రలైరి. 1999లో ఆతడు రాక్ కళాకారుల గౌరవసభయైన ‘రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్’కు ఎక్కెను. న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 2014 జనవరిలో ఆరంభించిన కచేరీల పరంపరను 2024 జూలైలో ముగించెను. ఆ సభలన్నిటను ఆతని ముందున్నది పియానోయే.

హూణకవచమును విడిచినందుననే ఆతడు గెలిచెనని చెప్పుట అర్ధసత్యము. కవచముతో పాటు ఆనాటి వేగమును, దీర్ఘరచనల మీది మక్కువను, మెట్టును మద్దెలగా వాయింపవలెనను పట్టుదలను విడిచియున్నచో ‘యాంగ్రీ యంగ్ మాన్’ పుట్టెడిది కాదు. ఆతడు విడిచినది తగనిచోటును మాత్రమే.

పాఠశాలలో పిల్లవాని వ్రాతపుస్తకమును దిద్దువారికి ఇది అనుభవమే. చదివిన కవుల పెద్దమాటలన్నియు ఏఱితెచ్చి, ఒక్క వాక్యమున గ్రుచ్చి, తన మాట యొక్కటియు లేకుండ వ్రాసిన బాలుడు ప్రతి తరగతిలోను ఉండును. ఆ పుటకు అడ్డముగా ఎఱ్ఱగీత గీయుట క్షణము పని. గీత గీయుటకు ముందు, ఆ పెద్దమాటల నడుమ పిల్లవాని సొంతనడక ఎచటనైన వినబడుచున్నదేమో చూచి, అచట ఒక గుఱుతు పెట్టుట కష్టతరమైన పని. రాక్ చరిత్రలో అధమరచనయని పేరుపడ్డ ఈ ఆల్బమున అట్టి గుఱుతు పెట్టదగిన చోట్లు రెండు మూడు కలవు. ‘ఆంప్లిఫైయర్ ఫైర్’ ఒకటి. ‘రోలిన్ హోమ్’ ఒకటి. వానిని విని, వెంటనే ‘ప్రెల్యూడ్’ను వినువారికి, ఆ రెండింటిని వాయించినది ఒక్క చేయియేయని వేఱుగ చెప్పనక్కఱ యుండదు.